మెరిసేదాకా తోమిన గొట్టం

దసరాకి ముందు రోజు పొద్దున, సున్నపు బట్టీ ఆవరణలో పనివాళ్ళందరూ చూస్తుండగా, సూపర్‌వైజర్ యల్లమంద ఫిలోమినాని చెంప మీద కొట్టాడు. అప్పుడామె చేతిలో ఇనప తీగల బ్రష్ ఉంది. ఎదురుగా రెండు చెక్క దిమ్మెల మీద బర్నర్ గొట్టం పడుకోబెట్టి ఉంది. దెబ్బకి ఆమె ఆ గొట్టం మీదకే తూలింది. లేచి, చెవిని కొంగుతో ఒత్తుకుని, కిందపడ్డ బ్రష్ తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

ఆమె చేసిన నేరం, గొట్టం మూతి దగ్గర జానెడు మేర నలుపు మిగల్చడం. ఏళ్ళ తరబడి సున్నం తిన్న వేళ్ళు తీగలకి చిట్లి నెత్తురు కారుతుంటే కాసేపు ఆగింది. ఆ కాసేపట్లోనే యల్లమంద వచ్చాడు.

"ఏమే, అమ్మగారు బొట్టు దేని మీద పెట్టాల? ఈ మసి మీదా, నీ మొహం మీదా?"

చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు కూడా.

సాయంత్రానికి గొట్టం అద్దంలా మెరిసింది. దానికి పసుపు పూసే వేళకి, తోమిన ఆడవాళ్ళని గేటు అవతలికి పొమ్మన్నారు. క్రైస్తవుల పల్లె నుంచి వచ్చినవాళ్ళు పూజ దగ్గర ఉండకూడదట. తోమేటప్పుడు ఆ చేతులకి కులం లేదు. పసుపు పూశాక వచ్చింది.

ఇంటికి వెళ్ళాక భర్త ఎలీషా ఆమె చెవి చూసి అడిగాడు. "ఏందే ఆ వాపు?"

"గొట్టం తగిలింది," అంది ఫిలోమినా.

నిజం చెబితే అతను అప్పటికప్పుడు బట్టీకి వెళ్ళేవాడు. చెయ్యి చేసుకునేవాడు. తెల్లారేసరికి ఇద్దరి పనీ పోయేది. ఆ లెక్క ఆమె దెబ్బ తిన్న క్షణంలోనే వేసుకుంది. ఆ చెవి అప్పటినుంచి సరిగా వినపడదు. ఎలీషా బతికున్నంత కాలం అది గొట్టం తగిలిన చెవే.

*

గురజాల నుంచి మాచర్ల వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా చెట్లూ కప్పులూ తెల్లగా కనిపించే చోట్లు ఉంటాయి. అలాంటి ఒక చోట ఉంది అమరేశ్వరరావు గారి బట్టీ. మొదట పొలాలు, తర్వాత మిర్చి వ్యాపారం, ఆ తర్వాత సున్నం. బట్టీ అంటే ఇటుకతో కట్టిన పెద్ద గోపురం. పైనుంచి సున్నపురాయి పోస్తారు. పక్కనుంచి, గోడలో అమర్చిన గొట్టం గుండా, బొగ్గుపొడినీ గాలినీ కలిపి లోపలికి ఊదుతారు. గొట్టం మూతి దగ్గర అది మంటగా మారుతుంది. ఆ మూతి, దాని వెనక బారెడు పొడవు, పగలూ రాత్రీ ఎర్రగా కాలుతూనే ఉంటుంది.

మామూలు ఇనుము ఆ వేడికి కొద్ది వారాల్లోనే పొట్టుపొట్టుగా రాలిపోతుంది. అందుకని క్రోమియం, నికెల్ కలిపిన ఉక్కుతో చేసిన గొట్టం తెప్పించారు. ఖరీదైనది. కొన్నేళ్ళు నిలుస్తుందని అమ్మినవాళ్ళు చెప్పారు.

దాని దగ్గర పని ఎలీషాది. నీలం అద్దం అడ్డం పెట్టుకుని, గోడలోని చిన్న కిటికీలోంచి మంటని చూస్తూ, గాలి పెంచాలా బొగ్గు తగ్గించాలా అని చక్రాలు తిప్పుతుండేవాడు. ఎంత జాగ్రత్తగా ఉన్నా సెగకి కనుబొమ్మలు మాడిపోయేవి.

"మా ఆయనకి కనుబొమ్మలు ఉండేయని పెళ్ళి ఫొటోలో చూసి నమ్మాల్సిందే," అనేది ఫిలోమినా.

"ఆ ఫొటోలో నువ్వూ నవ్వుతున్నావులే. అదీ మళ్ళీ చూళ్ళేదు నేను," అనేవాడు ఎలీషా.

ఆమె పుట్టింది బొల్లాపల్లి దగ్గర, వాన పడితేనే పంట చూసే మెట్ట ఊళ్ళో. కందిచేలల్లో పెరిగిన మనిషి. పెళ్ళయ్యాక రాయి పగలగొట్టడం, కాలిన సున్నాన్ని తట్టల్లో మోయడం నేర్చుకుంది. ఎలీషా ఆదివారాలు తాగేవాడు. ఈ మాట ఫిలోమినా ఎవరి దగ్గరా దాచలేదు. ప్రార్థన అయ్యాక తాగి, పాటలు పాడి, పడుకునేవాడు. పని ఉన్న రోజు చుక్క ముట్టేవాడు కాదు. మంట ముందు నిలబడేవాడికి కాళ్ళు తడబడకూడదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా పల్నాడులో ఆయుధపూజ జరగని షెడ్డు లేదు. లారీ, బోరు మోటారు, నూనె మిల్లు, రాళ్ళు కోసే యంత్రం, అన్నిటినీ కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. బట్టీ అయితే దసరాకి చల్లార్చి, గొట్టం బయటికి లాగి, దాన్నే దేవతగా దిమ్మెల మీద పడుకోబెడతారు. గొట్టం కొన్న మొదటి ఏడు, రావుగారి భార్య కృష్ణకుమారి గారు బొట్టు పెట్టబోతే మూతి నల్లగా కనపడింది. "మసి మీద బొట్టు పెట్టిస్తారా, అశుభం కదూ," అన్నారట. ఆమె అన్నది ఆ ఒక్క మాటే. ఆ మాట రావుగారి దగ్గర ఆజ్ఞ అయింది. యల్లమంద దగ్గరికి వచ్చేసరికి మరుసటేడు తీగల బ్రష్, ఆ పై ఏడు గ్రైండరు, తర్వాత ఉప్పూ చింతపండూ, అవి చాలక యాసిడ్. చివరికి చెంపదెబ్బ.

ఒక్కరంటే ఒక్కరు కూడా, ఆ నలుపు మసేనా అని అడగలేదు. అడిగే అలవాటు ఆ బట్టీలో లేదు.

*

ఎండాకాలం ముదిరాక మంట వంకర పోయింది. ఎలీషా యల్లమంద దగ్గరికి వెళ్ళాడు. ఆ సమయంలో ఫిలోమినా తట్టతో అటుగా పోతూ ఉంది. ఆమె విన్న మాటలివి.

"అన్నా, మంట పక్కకి లాగుతుంది. గోడలోంచి పొగొస్తంది. గొట్టానికి యాడో చిల్లి పడింది. ఆపి చూద్దాం."

"ఆపితే రాయంతా సగం కాలి చెడిపోద్ది. ఈ లోడు అయిపోనీ."

"లోడు సంగతి కాదన్నా—"

"ఒరేయ్, బట్టీ నీదా నాదా? ఇద్దరిదీ కాదు గదా. పోయి నీ చక్రం తిప్పుకో."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎలీషా కిటికీ తెరిచాడు. గొట్టం చిల్లిలోంచి కారిన బొగ్గుపొడి గోడ సందులో పోగుపడి, ఊపిరాడక కుములుతూ ఉంది. తలుపు తీయగానే దానికి గాలి దొరికింది. మంట వెనక్కి తన్నింది. చప్పుడు బాంబు పేలినట్టుందని రోడ్డవతల టీ కొట్టువాళ్ళు అన్నారు. కిటికీ తలుపు ఊడి వచ్చి ఎలీషా ఛాతీకి తగిలింది. దాని వెనకే నిప్పు, ఎర్రటి బొగ్గుపొడి. అతని లుంగీ, చొక్కా, చర్మం ఒకే ముద్దయ్యాయి. అలాగే మెట్లు దిగి వచ్చాడు. అడుగున చల్లారని సున్నపు గుట్ట మీద పడ్డాడు.

అతన్ని బయటికి లాగింది యల్లమంద. ఇదీ రాయాలి. సున్నంలో రెండు చేతులూ పెట్టి లాగాడు. ఫిలోమినాని కొట్టిన చేయి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. ఎవరో బకెట్టుతో నీళ్ళు తెస్తే, "సున్నం మీద నీళ్ళు పోస్తే ఉడికిపోతాడ్రా," అని బకెట్టుని కాలితో తన్ని పారబోసింది కూడా అతనే.

ఫిలోమినా వచ్చేసరికి అతన్ని గోనెపట్టా మీద పడుకోబెట్టారు. మొహం ఎటో ఆమెకి తెలియలేదు. నోరు కదులుతుంటే వంగి, వినపడే చెవి పెట్టింది.

"చెప్పాగా," అంటున్నాడు. "పక్కకి లాగుద్దని చెప్పాగా."

గుంటూరు పెద్దాసుపత్రిలో కన్నుమూసే దాకా అతను అన్నది ఆ మాటే. చర్మం లేని చేత్తో గాల్లో చక్రం తిప్పుతూ ఉండేవాడు. కట్లు మార్చేటప్పుడు అతను వేసిన కేకలు కూతురు వెన్నెల వరండాలో చెవులు మూసుకుని వింది.

శవం ఇంటికి రాకముందే పోలీసు కాగితంలో మాట పడింది. ఎలీషా తాగి వచ్చాడు, మత్తులో గాలి చక్రం తప్పుగా తిప్పాడు, మంట వెనక్కి వచ్చింది, యాజమాన్యం తప్పు లేదు. ఆదివారాలు అతను పాడే పాటలు ఊరంతా విన్నది కాబట్టి ఆ మాట సులువుగా అతికింది. ఇంటర్ కాలేజీలో వెన్నెల వెనక బెంచీలో ఎవరో అన్నారట, "తాగినోడు పెట్రోలు లాంటోడు, అంటుకోడా మరి."

వెన్నెల ఆ రోజు ఇంటికొచ్చి తల్లిని అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు నాన్న తాగాడా?"

కూతురే అడిగింది. ఫిలోమినా ఇంటింటికీ తిరిగి ఇది అబద్ధమని చెప్పడం ఆ రోజు మొదలుపెట్టింది. డబ్బు ఇస్తారా ఇవ్వరా అన్నది తర్వాత. మొగుడి పేరు పక్కన ఉన్న ఆ మాట చెరగాలి. ఆమె కోరిక అంతే.

*

నరసరావుపేటలో పాత ఇనుము కొనే సందులో అబిదా కొట్టు ఉంది. భర్త పోయాక ఆమే నడుపుతుంది. ఆమె నడుముకి తాళాల గుత్తితో పాటు తాడుకి కట్టిన అయస్కాంతం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ సందులో ధర నిర్ణయించేది అదే. అంటుకుంటే మామూలు ఇనుము. అంటుకోకపోతే స్టెయిన్‌లెస్, మంచి ధర.

ఒకరోజు చిన్న ట్రక్కులో బర్నర్ గొట్టం వచ్చింది. ట్రక్కు డ్రైవరు, "ఫస్టు క్లాసు సరుకక్కా, అసలు సిసలు స్టెయిన్‌లెస్," అన్నాడు. అబిదా తోక దగ్గర అయస్కాంతం పెట్టింది. అంటుకోలేదు. మూతి దగ్గర పెట్టింది. టక్కున పట్టుకుంది.

"సగం అత్తగారిల్లు, సగం పుట్టిల్లా ఇది?" అంది. "మూతి ఇనుము, తోక స్టీలు."

"అంతా ఒకటే గొట్టమక్కా. అతుకు చూపించు."

"అతుకు లేదు. అదే నా బాధ. నీకు నాతో మొగమాటం ఉంటదేమో గానీ అయస్కాంతానికి ఎవరితోనూ లేదు బాబూ."

డ్రైవరు యల్లమందకి ఫోన్ చేసి ఇచ్చాడు. రూపాయి తగ్గిస్తే ఎగిరిపడే యల్లమంద, ఈసారి ఎంతిచ్చినా పర్వాలేదు, ఈ రోజే కొలిమికి పంపించెయ్యమన్నాడు. అబిదా ఫోన్ తిరిగి ఇచ్చి, గొట్టం చుట్టూ ఒకసారి నడిచింది. మూతి దగ్గర లోహం ఉల్లిపొరల్లా లేచి ఉంది. దాని వెనక పిడికిలి పట్టేంత చిల్లి. ఎలీషా ఆమెకి తెలుసు. బట్టీ పాత సామాను లోడు దించడానికి వచ్చినప్పుడు ఆ కొట్టులో టీ తాగేవాడు.

"ఇది ఎలీషాని కాల్చిన గొట్టమేనా?" అని అడిగింది.

డ్రైవరు బండి ఎక్కి పోయాడు. అబిదా ఫిలోమినాకి కబురు చేసింది.

ఫిలోమినా బస్సు దిగి వచ్చిన కొద్దిసేపటికే జీపు కూడా వచ్చింది. దిగినవాళ్ళ చేతుల్లో ఇనప రాడ్లు ఉన్నాయి. అబిదా షట్టరు దించబోతే ఒకడు ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పక్క కొట్టుకి వినపడింది. కాటా పగలగొట్టారు. గాజు సీసాల బస్తాలు తిరగేశారు. ఫిలోమినా ఆ గాజు పెంకుల మీదే గొట్టాన్ని కావలించుకుని పడుకుంది.

"లెగవే. ఇది మా అయ్యగారి సొమ్ము."

ఆమె లేవలేదు. జుట్టు పట్టి లాగారు. రాలేదు. గొట్టం చుట్టూ బిగించిన వేళ్ళ మీద రాడ్డుతో కొట్టారు. ఒక దెబ్బకి చూపుడు వేలు, ఇంకో దెబ్బకి పక్క వేలు వెనక్కి విరిగాయి. ఆమె మిగిలిన వేళ్ళతో పట్టు మార్చుకుంది. చిల్లిలో చెయ్యి దూర్చి పట్టుకుంది. పొరలు లేచిన లోహం మోచేతి దాకా కోసింది.

అప్పటికి సందులో వాళ్ళు కదిలారు. ముందు హమాలీలు, తర్వాత కొట్లవాళ్ళు. ఇనుము కొనే సందు కాబట్టి చేతికి దొరికిందల్లా ఇనుమే. ఎవరో జీపు అద్దం పగలగొట్టారు. వచ్చినవాళ్ళలో ఒకడి తల పగిలింది. తన్నులాట రోడ్డు దాకా పోయింది. జీపు వెనక్కి తిరిగి పారిపోయాక, నెత్తుట్లో ఉన్న గొట్టం పక్కన అబిదా కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంది, "చెల్లే, వదులింక. పోయారు."

ఫిలోమినా వేళ్ళని ఎవరో ఒక్కొక్కటిగా గొట్టం మీంచి విడదీయాల్సి వచ్చింది.

గొట్టం పోలీసుల దగ్గరికి, అక్కడి నుంచి, ఎలీషా చావు మీద ఫిలోమినా వేసిన కేసులో, కోర్టు స్వాధీనంలోకి వెళ్ళింది. అది ఎందుకు చిల్లి పడిందో పరీక్షించమని కోర్టు ఒక లోహశాస్త్రం లెక్చరర్‌ని నియమించింది. పేరు సాహితి.

*

సాహితి గొట్టాన్ని అడ్డంగా కోయించి, ముక్కల్ని నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద చూసింది. ఆ తర్వాత ఫిలోమినా ఇంటికి వచ్చింది. గొట్టాన్ని ఎలా వాడారో తెలియాలి. తోక వైపు నుంచి కోసిన చిన్న ముక్కని సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టింది. దాని మీద సన్నటి నలుపు, వెలుగులో చూస్తే కాస్త పచ్చటి ఛాయతో ఉంది.

"ఇది చూశారా? ఇది మసి కాదండీ. ఈ గొట్టం తనకి తానే కప్పుకున్న దుప్పటి."

ఫిలోమినా గోటితో గీకి చూసింది. రాలేదు.

"ఎర్రగా కాలేటప్పుడు గాల్లో ఉన్న ఆక్సిజన్ లోహాన్ని తినడానికి వస్తుంది. ఈ ఉక్కులో ఇనుము ఉంది, క్రోమియం ఉంది. ఇనుము కంటే ముందు క్రోమియం దాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని పైన పొర కడుతుంది. చాలా పలచగా, సందు లేకుండా. ఆ పొర కట్టాక బయటి గాలి లోపలికి రావడం కష్టం, లోపలి లోహం బయటికి పోవడం కష్టం. పొర మందం అయ్యేకొద్దీ తినడం ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే ఇలాంటి గొట్టం ఏళ్ళు నిలుస్తుంది."

"మరి మామూలు ఇనుముకీ పొర కడద్ది కదమ్మా. పొట్టు లేస్తదే."

"కడుతుంది. కానీ అది గుల్ల. పగుళ్ళలోంచి గాలి దూరుతుంది. కింద మళ్ళీ కడుతుంది, మళ్ళీ రాలుతుంది. చివరికి గొట్టమే ఉండదు."

ఫిలోమినా ముక్కని వెలుగుకేసి తిప్పింది. "పాలు కాస్తే మీగడ కట్టినట్టన్నమాట."

"అలాంటిదే. మీగడ తీసేస్తే ఏమవుతుంది?"

"మళ్ళీ కాస్తే మళ్ళీ కడద్ది. పలచగా."

"మళ్ళీ తీస్తే?"

"ఇంకా పలచగా. ఆనక పాలల్లో వెన్నే ఉండదు, నీళ్ళలాగా..."

"ఇక్కడ క్రోమియం ఆ వెన్న. పొర చెరిగినప్పుడల్లా, మళ్ళీ మంటలో పెట్టగానే కొత్త పొర కట్టడానికి అడుగునుంచి క్రోమియం పైకి వస్తుంది. బట్టీ చల్లార్చినప్పుడు కొంచెం దానంతటదే పగులుతుంది, అది మామూలే, సర్దుకుంటుంది. కానీ మూతి దగ్గర పదే పదే ఎవరో గీకారు. గ్రైండరు గీతలు కనపడుతున్నాయి. ఉప్పు, యాసిడ్ ఆనవాళ్ళున్నాయి, అవి మిగిలిన పొరని కూడా గుల్ల చేస్తాయి. చివరికి పైన క్రోమియం చాలినంత లేదు. ఇనుము బయటపడింది. అయస్కాంతం అందుకే పట్టింది. ఇంక అక్కడినుంచి ఆ చిల్లి పడటానికి ఎన్నో నెలలు పట్టవు. దాన్ని అట్లా గీకింది ఎవరండీ?"

ఎదురుగా ఉన్న చేతుల మీద, కట్టు కట్టిన వేళ్ళ పక్కన, తీగల బ్రష్ చేసిన పాత గీతలు సాహితికి అప్పుడు కనపడ్డాయి.

ఫిలోమినా ఆ ముక్కని చాప మీద పెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళింది. నుదుటితో గోడని కొట్టింది. మళ్ళీ కొట్టింది. వెన్నెల పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకుని లాగేదాకా, గోడ సున్నం మీద ఎర్రగా మరక పడేదాకా కొట్టింది.

"మెరవాలన్నారు," అంటూ ఉంది. "మెరిసేదాకా తోమా. నేనే తోమా."

*

ఆ సంగతి రావుగారికి చేరడానికి ఎక్కువ సేపు పట్టలేదు. యల్లమంద వచ్చాడు. కాలిన చేతికి ఇంకా గుడ్డ చుట్టి ఉంది. గుమ్మంలో చెప్పులిప్పి కూర్చున్నాడు. ఎప్పుడూ ఇప్పని మనిషి.

"ఫిలోమినా, నీ మంచికే చెప్తన్నా. గొట్టం తోమినందుకే చిల్లి పడిందని ఆ మేడం రాసింది. తోమింది ఎవరు? రేపు కోర్టులో ఆ మాటంటే మొగుణ్ణి చంపింది పెళ్ళామే అని రాస్తారు. అప్పుడు వెన్నెలకి నాన్నా లేడు, అమ్మ జైల్లో. అదే తాగి వచ్చాడని ఒప్పుకో. పోయినోడికి జైలు లేదు గదా. అయ్యగారు పిల్ల చదువు చూసుకుంటారు."

"యల్లమందన్నా, ఆ రోజు నన్ను కొట్టి తోమించింది ఎవరు?"

అతను తన చేతి గుడ్డ వంక చూసుకున్నాడు. "ఎవరు చూశారమ్మా?"

"పనోళ్ళంతా చూశారు."

"ఒక్కణ్ణి చెప్పమను చూద్దాం," అన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, "జీపులో వచ్చినోళ్ళు నేను పిలిస్తే రాలేదు, నేను ఆపితే ఆగరు. అది కూడా ఆలోచించుకో," అన్నాడు.

ఆ సాయంత్రమే ఎవరో వాళ్ళ గడ్డివాము తగలబెట్టారు. పక్కన కట్టేసిన లేగదూడ తాడు తెంచుకోలేక ఆ మంటలోనే కాలిపోయింది. వెన్నెల తల్లి చెయ్యి పట్టుకుని అడిగింది. "చెప్తే నిన్ను పట్టుకుపోతారా?"

"పోతే పోతా," అంది ఫిలోమినా. "నువ్వు ఆ రోజు అడిగావు, నాన్న తాగాడా అని. తాగలేదు. అది నువ్వు కోర్టులో వినాల."

గురజాల కోర్టులో ఆమె బోనెక్కి చెప్పింది. అన్నీ చెప్పింది. తీగల బ్రష్, గ్రైండరు, ఉప్పు, యాసిడ్. చెంపదెబ్బ చెప్పింది. మొగుడికి కూడా అబద్ధం చెప్పానని చెప్పింది. అవతలి వకీలు సరిగ్గా యల్లమంద చెప్పినట్టే అడిగాడు. "అంటే నీ చేతులతోనే నీ భర్తని చంపుకున్నావన్నమాట."

"చేతులు నావేనయ్యా. తోమమన్న నోరు నాది కాదు," అంది. "నాకు శిక్షెయ్యాలంటే ఎయ్యండి. ఆయన తాగలేదు. మంట పక్కకి లాగుతుందని ముందు రోజే చెప్పాడు. అది రాసుకోండి."

వెన్నెల చివరి వరసలో నిలబడి వింది.

తర్వాత రావుగారి తరఫున యల్లమంద బోనెక్కాడు. కాలిన చెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. మా బట్టీలో గొట్టాన్ని ఎన్నడూ తోమించలేదు, ఆయుధపూజకి పసుపు నీళ్ళు చల్లుతాం, అంతే అన్నాడు. పనివాళ్ళలో పిలిచినవాళ్ళంతా గుర్తులేదన్నారు. కాలిన గడ్డివాము వాళ్ళూ చూశారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు.

దసరా తర్వాత వాయిదా ఉంది. గొట్టాన్ని గీకారని సాహితి కాగితం చెబుతుంది గానీ, ఎక్కడ, ఎవరు గీకించారో అది చెప్పలేదు. ఆ రోజు సాక్ష్యం లేకపోతే ఫిలోమినా మాట ఒంటరి మాట. ఎలీషా తాగి చచ్చినవాడుగా మిగిలిపోతాడు, ఆమె చంపినదిగా మిగిలిపోతుంది.

అందుకే ఇది చదువుతున్న మీతో పని పడింది. ఆ పూజకి ఏటా ఊళ్ళో పెద్దలు వెళ్ళారు, వ్యాపారులు వెళ్ళారు, వాళ్ళ పిల్లలు వెళ్ళారు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు, ప్రసాదం తినేటప్పుడు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఆ ఫొటోల్లో దిమ్మెల మీద గొట్టం ఉంటుంది. పసుపు లేని చోట అది వెండిలా మెరుస్తూ ఉంటుంది. మంటలో ఉండి వచ్చిన గొట్టం, ఎవరూ తోమకుండా, అలా మెరవదు. మీ పాత ఫోన్లు తీయండి. మీ పిల్లల్ని వెతకమనండి. ఒక్క ఫొటో దొరికినా చెరపకండి. వాయిదా రోజున పట్టుకుని గురజాల రండి. ఒక్కరే రావడానికి భయమైతే పదిమంది కలిసి రండి. నరసరావుపేట నుంచి పాత ఇనుము సందు మొత్తం వస్తానంది. అబిదా చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, ఆమే ముందు వస్తుంది.

బట్టీల్లో, కొలిమిల్లో పనిచేసే అన్నలకీ అక్కలకీ ఇంకో మాట. ఈ దసరాకి మీ గొట్టం మూతి మీది నలుపు గీకకండి. గీకమంటే, ఇది చదివి వినిపించండి. బొట్టు పెట్టాలంటే గోడకి పెట్టమనండి, తోకకి పెట్టమనండి. మంట వంకర పోతే ఒక్కరే వెళ్ళి చెప్పకండి, అందరూ వెళ్ళి చెప్పండి.

కృష్ణకుమారి గారూ, మీకు కూడా. మసి మీద బొట్టు వద్దని మీరన్న మాట ఎటు పోయిందో మీకు తెలియకపోవచ్చు. ఇప్పుడు తెలిసింది. నిరుడు దసరాకి మీరు బొట్టు పెడుతున్న ఫొటో మీ ఇంటి హాల్లో, పటం కట్టించి ఉందని చూసినవాళ్ళు చెప్పారు. అందులో ఆ గొట్టం మెరుస్తూ ఉంది. దయచేసి ఆ పటాన్ని గోడ మీంచి దించి తీసుకురండి.